ఫార్మాట్ కొట్టించే ముందు: రెండు ఓఎస్‌ల కంప్యూటర్ బూట్ కాకపోతే ఏం చేయాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో కంప్యూటర్ ఉందంటే అది సాధారణంగా ఒక్కరిది కాదు. నాన్నగారు విండోస్ తెరిచి శుభలేఖలు, కరపత్రాలు వేస్తారు. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు, రెండూ విండోస్‌లోనే అలవాటు. ఇంజనీరింగ్ చదివే అబ్బాయో అమ్మాయో అదే డిస్కులో కొంత చోటు తీసుకుని విండోస్‌లాగే ఇంకో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అయిన లినక్స్‌ను, అంటే ఉబుంటునో లినక్స్ మింట్‌నో ఎక్కించుకుంటారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక, విండోస్ 11 ఎక్కని పాత యంత్రాల్లో లినక్స్ పెట్టుకోవడానికి ఇంకో కారణం కూడా దొరికింది.

అలాంటి కంప్యూటర్ ఒకరోజు నల్ల తెర దగ్గర ఆగిపోతుంది. షాపుకు తీసుకెళ్తే ముందుగా వినిపించే మాట "ఫార్మాట్ కొట్టాలి". పిల్లల ఫొటోలు, ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్ నుంచి దించుకున్న పట్టా కాపీలు, ఏళ్ల తరబడి కూడబెట్టిన డీటీపీ ఫైళ్లు ఆ ఒక్క మాటతో పోతాయి. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. బూట్‌లోడర్ అంటే ఓఎస్‌ను లేపే చిన్న ప్రోగ్రాం, అంతే. అది చెడితే ఫైళ్లు చెడినట్టు కాదు. గొళ్లెం బిగుసుకుపోయిందని ఎవరూ ఇల్లు కూలగొట్టరు కదా.

కాబట్టి టెన్షన్ పడకుండా, కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. పైన ఉన్నవి ఏమీ చెడగొట్టని పనులు. కిందికి వచ్చేకొద్దీ డిస్కు మీద రాసే పనులు వస్తాయి.

ముందు తెరను ఫొటో తీయండి

ఫోన్‌తో తెరను ఫొటో తీసి, ఆ అక్షరాలు నెమ్మదిగా చదవండి. కంప్యూటర్ ఎక్కడ ఆగిందో ఆ మాటలే చెబుతాయి.

స్విచ్ నొక్కగానే మొదట లేచేది ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం. మనం అలవాటుగా బయోస్ అంటాం గానీ, విండోస్ 8 కాలం, అంటే 2012 తర్వాత వచ్చిన యంత్రాల్లో చాలావాటిలో ఉండేది యూఈఎఫ్ఐ. అది డిస్కులో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగాన్ని వెతుకుతుంది. విండోస్ దాన్ని ఎక్కువగా 100 ఎంబీతోనే చేసి పెడుతుంది. అందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డర్, ఉబుంటు పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటాయి. రెండు ఓఎస్‌ల బూట్‌లోడర్లూ వేర్వేరుగా పక్కపక్కనే ఉంటాయన్నమాట. పాత పద్ధతి యంత్రాల్లో అలా కాదు. డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో, అందులోనూ 446 బైట్లలో, ఒక్క బూట్‌లోడర్‌కే చోటు. విండోస్ వచ్చి కూర్చుంటే లినక్స్‌ది పోతుంది, లినక్స్‌ది వస్తే విండోస్‌ది పోతుంది.

ఇప్పుడు మీ ఫొటో చూడండి. "నో బూటబుల్ డివైస్" అనో "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అనో ఉంటే బూట్‌లోడర్ దాకా కూడా రాలేదు. ఫర్మ్‌వేర్‌కు డిస్కు కనబడలేదు, లేదా తప్పు డిస్కును చూస్తోంది. "గ్రబ్" అని, పక్కన బాణపు ములుకు గుర్తు ఉంటే లినక్స్ బూట్‌లోడర్ లేచింది కానీ దాని మెనూ ఫైలు దొరకలేదు. "గ్రబ్ రెస్క్యూ" అని ఉంటే దాని సగం సామాను కూడా దొరకలేదు. నీలిరంగు తెర మీద రికవరీ అని వస్తే గొడవ విండోస్ వైపు. మెనూ వచ్చి, లినక్స్ ఎంచుకున్నాక "కెర్నల్ పానిక్" వస్తే బూట్‌లోడర్ తన పని తాను చేసినట్టే, గొడవ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దగ్గర.

దీంతోపాటు ఇంట్లో వాళ్లను ఒక మాట అడగండి: నిన్న ఏం జరిగింది? విండోస్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయిందా? ఎవరైనా "ఈ డ్రైవ్ ఖాళీగా ఉంది" అనుకుని లినక్స్ పార్టిషన్‌ను తీసేశారా? విండోస్ లోంచి చూస్తే లినక్స్ భాగానికి డ్రైవ్ అక్షరం ఉండదు, అందుకే అది పనికిరాని చోటులా కనిపిస్తుంది. సగం కేసులు ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

బూట్ మెనూ

కంప్యూటర్ పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ టకటకా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎఫ్8, ఎంఎస్ఐలో ఎఫ్11. కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లకు పక్కన పిన్నుతో నొక్కే చిన్న నోవో బటన్ ఉంటుంది.

వచ్చే జాబితాలో "విండోస్ బూట్ మేనేజర్", "ఉబుంటు" రెండూ కనిపిస్తున్నాయా? ఒక్కొక్కటీ ఎంచుకుని చూడండి. రెండూ లేస్తే చెడింది ఏమీ లేదు, వరుస మారిందంతే. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత తనను తాను ముందుకు తెచ్చుకోవడం మామూలే. బయోస్ సెటప్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటును పైకి జరిపి సేవ్ చేయండి. విండోస్ డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం దాని కీ దొరికాకే ఇది చేయండి, ఆ సంగతి కింద ఉంది. లినక్స్ మింట్ వేసుకున్నవాళ్లకు కూడా అక్కడ "ఉబుంటు" అనే పేరే కనిపిస్తుంది, కంగారు పడకండి.

జాబితాలో డిస్కే లేకపోతే బూట్‌లోడర్‌ను మర్చిపోండి. డెస్క్‌టాప్ అయితే ప్లగ్ తీసి, పక్క మూత విప్పి, డిస్కుకు వెళ్లే సాటా కేబుల్‌ను, పవర్ కేబుల్‌ను రెండు చివర్లా తీసి గట్టిగా పెట్టండి. వానాకాలం తేమ, దుమ్ము కలిసి ఆ కొసల దగ్గర పట్టుకుంటాయి.

గుండ్రటి బ్యాటరీ సంగతి

దీనికి మా ప్రాంతంలో వేరే విభాగమే ఇవ్వాలి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ పేరు సీఆర్2032, మూడు వోల్టులు. కంప్యూటర్‌కు గోడ ప్లగ్ నుంచి కరెంటు అందుతున్నంతసేపు అది పెద్దగా ఖర్చు కాదు. కొండల మీద ఉరుములు మొదలవగానే మనం ప్లగ్ పీకేస్తాం, పీకాల్సిందే. రాత్రిళ్లు కూడా స్విచ్ ఆపేస్తాం. అలా అన్ని గంటలూ గడియారాన్నీ బయోస్ సెట్టింగులనూ ఆ చిన్న బ్యాటరీయే మోస్తుంది. అందుకే ఇక్కడి డెస్క్‌టాప్‌లలో అది తొందరగా అయిపోతుంది.

అది అయిపోతే బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోతుంది. బూట్ వరుస మారుతుంది. కొన్ని బోర్డుల్లో యూఈఎఫ్ఐ పద్ధతి నుంచి లెగసీకి, అంటే పాత పద్ధతికి మారిపోతుంది, డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారుతుంది, లేదా అటుది ఇటవుతుంది. వీటిలో ఏ ఒక్కటి మారినా, నిన్నటిదాకా నడిచిన విండోస్ ఇవాళ లేవదు. చూడ్డానికి అచ్చం బూట్‌లోడర్ పోయినట్టే ఉంటుంది.

గుర్తుపట్టడం తేలిక. బయోస్ సెటప్‌లోకి వెళ్లి తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం కనిపిస్తే బ్యాటరీ పని అయిపోయింది. వాచీలు బాగుచేసే షాపులో కొత్తది దొరుకుతుంది. ప్లగ్ పీకి, పాతది తీసి, కూడిక గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, తేదీ సరిచేసి, బూట్ మోడ్‌ను యూఈఎఫ్ఐకి, డిస్కు మోడ్‌ను ముందు ఉన్నదానికి మార్చండి. ముందు ఏది ఉండేదో తెలియకపోతే ఒకటి పెట్టి చూడండి, లేవకపోతే రెండోది పెట్టండి. ఈ మార్పులతో ఫైళ్లకు ఏమీ కాదు.

లైవ్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి

ఇక్కడిదాకా చేసినా లేవకపోతే లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ కావాలి, అంటే డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్. దీనికి నా ఎంపిక లినక్స్ మింట్. దించుకోవాల్సిన ఓఎస్ ఫైలు, అంటే ఐఎస్ఓ, దాదాపు 3 జీబీ లోపే ఉంటుంది, ఉబుంటుది దానికి రెట్టింపు. ఫోన్ డేటాతో దించుకునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. పైగా మింట్ లైవ్‌లో బూట్ రిపేర్ అనే పరికరం ముందే ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అయితే అందులో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ముందే ఖాళీ చేసుకోండి.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ చెడిపోతే పెన్‌డ్రైవ్ ఎక్కడ తయారు చేయాలి? పక్కింట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే రూఫస్ ప్రోగ్రాంతో చేయొచ్చు. అదీ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనే చాలు. ఐఎస్ఓ దించుకుని, ఓటీజీ కేబుల్‌తో పెన్‌డ్రైవ్ తగిలించి, ఎచ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌తో రాయండి. ఫోన్ రూట్ చేయనక్కర్లేదు. ఛార్జ్ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

బూట్ మెనూ లోంచి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్నిసార్లు అదే పెన్‌డ్రైవ్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. మీ విండోస్ ఏ పద్ధతిలో ఎక్కించారో పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో లేపాలి. లేకపోతే రిపేర్ తప్పుచోట జరుగుతుంది. పద్ధతి తెలియకపోతే లైవ్‌లోకి వెళ్లి డిస్క్స్ ప్రోగ్రాం తెరవండి. ఈఎఫ్ఐ సిస్టమ్ అనే చిన్న పార్టిషన్ కనిపిస్తే అది యూఈఎఫ్ఐ యంత్రం.

రిపేర్ కన్నా ముందు కాపీ

లైవ్ డెస్క్‌టాప్ వచ్చాక వెంటనే రిపేర్ మొదలుపెట్టకండి. ముందు డిస్క్స్ ప్రోగ్రాంలో మీ డిస్కును ఎంచుకుని, మెనూలో డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ డేటా చూడండి. డిస్కు విఫలమవుతోందని అక్కడ హెచ్చరిక ఉంటే బూట్‌లోడర్ పని అక్కడితో ఆపేయండి. చచ్చిపోతున్న డిస్కు మీద రిపేర్లు చేసేకొద్దీ మిగిలినదీ పోతుంది. ఫైళ్లు బయటికి తీయడం ఒక్కటే పని.

డిస్కు బాగానే ఉన్నా కాపీ తీసుకోండి. ఫైల్స్ తెరిస్తే ఎడమవైపు విండోస్ డ్రైవ్ కనిపిస్తుంది. యూజర్స్ ఫోల్డర్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఉంటాయి. బయటి హార్డ్ డిస్కుకో ఇంకో పెన్‌డ్రైవ్‌కో లాగేయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా లేవడానికి విండోస్ పూర్తిగా ఆగకుండా ఉండే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. కాపీకి అది చాలు.

తాళం గుర్తు కనిపించి పాస్‌వర్డ్ అడిగితే ఆ డ్రైవ్‌కు బిట్‌లాకర్, అంటే కీ లేకుండా ఫైళ్లు చదవనివ్వని విండోస్ తాళం ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనం పెట్టకుండానే ఇది ఆన్ అయి ఉండొచ్చు. దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. విండోస్ మొదటిసారి సెట్ చేసినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఫోన్‌తో లాగిన్ అయితే చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. ఆ కీ దొరికేదాకా సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్‌లోడర్లనే లేవనిచ్చే బయోస్ సెట్టింగ్) ఆపడం, బూట్ వరుస మార్చడం లాంటివి వాయిదా వేయండి. వాటిలో ఏది మార్చినా విండోస్ ఆ కీ అడగొచ్చు. ల్యాప్‌టాప్ షాపువాళ్ల ఖాతాతో సెట్ చేయించుకున్నవాళ్లు ఉంటే, కంప్యూటర్ బాగున్నప్పుడే కీ తీసి కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు రిపేర్

గ్రబ్ ములుకు దగ్గర ఆగిపోయినవాళ్లు, యూఈఎఫ్ఐ యంత్రమైతే, ఎగ్జిట్ అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చాలా యంత్రాల్లో అది జాబితాలో తర్వాత ఉన్న విండోస్‌కు వెళ్లిపోతుంది. రెస్క్యూ తెర మీద ఈ మాట పనిచేయదు. అక్కడ పార్టిషన్ నంబర్లు వెతికి ఒక్కో ఆదేశం ఇస్తూ లినక్స్‌ను లేపే దారి ఉంది గానీ, ఇంట్లో వాడేవాళ్లకు నేనది చెప్పను. లైవ్ పెన్‌డ్రైవ్ దారే మంచిది.

లైవ్ మింట్‌లో ఇంటర్నెట్ కలపండి. ఫోన్‌ను యూఎస్‌బీతో తగిలించి టెదరింగ్ ఆన్ చేసినా సరిపోతుంది. మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద బూట్ రిపేర్ తెరవండి. అది డిస్కులన్నీ చూసి, "రికమెండెడ్ రిపేర్" అనే బటన్ చూపిస్తుంది. అదే నొక్కండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ జోలికి వెళ్లకండి. మధ్యలో టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, పెట్టమని కొన్ని లైన్లు ఇస్తే, ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి పెట్టండి. ఉరుముల వేళ ఈ పని పెట్టుకోవద్దు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే సమయం చూసుకోండి.

రిపేర్ తర్వాత లినక్స్ లేచి, మెనూలో విండోస్ మాత్రం కనబడకపోతే అది కొత్త తరహా చిక్కు. గ్రబ్ 2.06 నుంచి, అంటే 2021 నుంచి, వేరే ఓఎస్‌లను వెతికే పనిని భద్రత కోసం మామూలుగా ఆపి ఉంచుతున్నారు. ఆన్ చేయాలంటే ఈటీసీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ అనే ఫైలును (/etc/default/grub) అడ్మిన్ హక్కులతో తెరవండి. "గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్" (GRUB_DISABLE_OS_PROBER=false) అనే లైను కావాలి, చివరి మాట తప్ప అన్నీ పెద్ద అక్షరాలు. కొన్ని వెర్షన్లలో ఆ లైను ముందే ఉండి, మొదట్లో హ్యాష్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తీసేస్తే చాలు. సేవ్ చేసి, టెర్మినల్‌లో సుడో, ఒక ఖాళీ, అప్‌డేట్-గ్రబ్ (sudo update-grub) అని కొట్టండి. విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని ఒక లైను వస్తుంది.

"షిమ్ ఎస్‌బ్యాట్" అనే మాటతో "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని వస్తే కారణం వేరు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ పాత లినక్స్ బూట్‌లోడర్లను అడ్డుకుంది. రెండు ఓఎస్‌లు ఉన్న యంత్రాలను వదిలేయాలనే అనుకున్నా, కొన్నింటిని అది గుర్తుపట్టలేదు. మైక్రోసాఫ్ట్ 2025 మే నెల అప్‌డేట్‌తో దీన్ని సరిచేసింది. మీకు ఇప్పటికీ వస్తుంటే బయోస్‌లో సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లన్నీ ఎక్కించి, తర్వాత మళ్లీ ఆన్ చేయండి. బిట్‌లాకర్ ఉన్నవాళ్లు కీ చేతిలో పెట్టుకున్నాకే ఈ పని చేయాలి. పాత లైవ్ పెన్‌డ్రైవ్ కూడా ఇదే సందేశం ఇవ్వొచ్చు. కొత్త ఐఎస్ఓ దించుకోండి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి కెర్నల్ పానిక్ వస్తున్నవాళ్లకు రిపేర్ కూడా అక్కర్లేదు. గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్తే పాత కెర్నల్ ఉంటుంది. దాంతో లేచి, అప్‌డేట్ మళ్లీ పూర్తి చేయండి.

విండోస్ తన బూట్ ఫైళ్లే పోగొట్టుకుంటే దానికి విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ కావాలి. మొదటి తెరల్లో "ఇన్‌స్టాల్" నొక్కకుండా "రిపేర్ యువర్ కంప్యూటర్" ఎంచుకుని, ట్రబుల్‌షూట్‌లోంచి స్టార్టప్ రిపేర్ నడపండి. పాత లెగసీ యంత్రమైతే దీని తర్వాత గ్రబ్ పోవచ్చు. మళ్లీ లైవ్ మింట్‌తో బూట్ రిపేర్ చేస్తే తిరిగి వస్తుంది.

షాపుకే వెళ్లాల్సి వస్తే

ఫైళ్లు కాపీ చేసుకున్నాకే వెళ్లండి, తీసిన ఫొటో చూపించండి. "అన్నా, ఇందులో విండోస్‌తో పాటు లినక్స్ ఉంది, డిస్కు బాగానే ఉంది, బూట్‌లోడర్ ఒక్కటే చూడు, పార్టిషన్లు ముట్టుకోవద్దు" అని ముందే చెప్పండి. ఒడియా మాట్లాడే షాపైతే "భాయినా, ఫార్మాట్ కొరొంతు నాహి" అంటే చాలు. అదే మాట షాపువాళ్లు రాసుకునే రిపేరు చీటీ మీద రాయించండి, ఎందుకంటే కౌంటర్ దగ్గర విన్నవాళ్లూ లోపల పనిచేసేవాళ్లూ ఒకరే కాకపోవచ్చు. రెండు ఓఎస్‌ల యంత్రం తమకు అలవాటు లేదని వాళ్లు నిజాయితీగా చెబితే, వెనక్కి తెచ్చేసుకోండి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మన పిల్లల్లో ఒకరికి ఇది బాగా వచ్చి ఉంటుంది.

కంప్యూటర్ లేచాక

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. రెండు ఓఎస్‌లు ఉన్నప్పుడు అది అనవసరం. బయోస్‌లో బూట్ మోడ్, డిస్కు మోడ్, బూట్ వరుస ఉన్న తెరలను ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఫొటోలను ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి. మింట్ పెన్‌డ్రైవ్‌ను వేరే పనికి వాడకుండా బిట్‌లాకర్ కీ రాసిన కాగితంతో కలిపి బీరువాలో పెట్టండి. లినక్స్ ఇక వద్దనుకుంటే కూడా పార్టిషన్ తీసేసే ముందు బూట్ వరుసలో విండోస్‌ను పైకి తెచ్చి, అది ఒక్కటే లేస్తుందో లేదో రెండు రోజులు వాడి చూడండి. పాత లెగసీ యంత్రమైతే ముందు విండోస్ పెన్‌డ్రైవ్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్, ఖాళీ, ముందుకు వాలిన గీత, ఫిక్స్‌ఎంబీఆర్ (bootrec /fixmbr) అని కొట్టి విండోస్ బూట్‌లోడర్‌ను తిరిగి పెట్టుకోవాలి. ఆ తర్వాతే పార్టిషన్ తీయండి.